ఏ బోంగ్? ఏ యో?

ఫిబ్రవరి 19, ఆదివారం

అన్నయ్య ఫోన్ చేశాడు. నవంబరు వానలకు కొండ జారి పగిలిపోయిన నాన్న సమాధి రాయిని కొత్తగా చెక్కిస్తున్నాడు. నాన్న పేరు పక్కనే అమ్మ పేరు కూడా ఇప్పుడే చెక్కించేస్తాడట. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, బతికున్నవాళ్ల పేర్లకు పూసే ఎర్ర రంగులో తన పేరు చూసుకోవాలని సరదా పడుతోందట. పోయాక బంగారు రంగు ఎలాగూ పూస్తారు, అప్పుడు నేను చూడొస్తానా అని అడిగిందట.

అసలు మాట తర్వాత చెప్పాడు. పాత రాయి మీద కొడుకు పేరు ఒక్కటే ఉండేది. ఈసారి కూతుళ్ల పేర్లు కూడా చెక్కిస్తాడట. అక్కయ్యలు గియోక్ లాన్, గియోక్ సిమ్, తర్వాత నేను, బోంగ్ యో. కాలం మారింది కదా అన్నాడు. అరవై రెండేళ్లకు నా పేరు మా ఇంటి రాయి ఎక్కబోతోంది! చెంగ్ బెంగ్ నాటికి, అంటే ఏప్రిల్ అయిదుకు, అందరం కొండెక్కి సమాధి శుభ్రం చేసేలోగా పని అయిపోవాలి.

అక్షరాలు చెప్పమన్నాడు. ఏ బోంగ్, ఏ యో అని అడిగాడు. మా చీనావాళ్లలో పేరు చెప్తే సరిపోదు, ఏ అక్షరమో చెప్పాలి, పలుకు ఒకటే అయినా అక్షరాలు పది ఉంటాయి. కల అనే బోంగ్, పచ్చరాయి అనే యో అన్నాను. నలభై ఏళ్లుగా నా కుట్టు షాపు బోర్డు మీద ఉన్నవి చూడలేదా అన్నాను. అన్నయ్య, రాయి చెక్కే చుంగ్‌కు ఇచ్చే ముందు కాగితం ఒకసారి చూస్తానన్నాడు.

ఏ కాగితమో నేను అడగలేదు.

ఫిబ్రవరి 22, బుధవారం

బడులు తెరిచే ముందు ఎప్పుడూ ఉండే రద్దీ. ఇవాళ పదకొండు యూనిఫాంలు. ఒకావిడ తన పిల్లకు పినఫోర్ కొలతలు ఇస్తూ బోర్డు మీది పేరు భలే ఉందండీ అంది. చెప్పాను. నేను పుట్టే ముందు రోజు మా నాన్న ప్రాయ్ నదిలో పడవ మీద కునుకు తీస్తుంటే, నీటి అడుగున ఒక పచ్చరాయి మెరుస్తూ కలలో కనిపించింది. అందుకే కల, పచ్చరాయి. ఆవిడ కళ్లు పెద్దవి చేసి వింది. చెప్పిన ప్రతిసారీ ఎంత బాగుంటుందో.

ఫిబ్రవరి 26, ఆదివారం

అన్నయ్య ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

మార్చి 1, బుధవారం

అన్నయ్య షాపుకే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చొక్కా జేబులోంచి నా పుట్టిన కాగితం తీసి కత్తిరించే బల్ల మీద పెట్టి, వెనక్కి తిప్పాడు. పెన్సిల్‌తో నాన్న చేతిరాత. రెండు అక్షరాలు.

"ఇది కల కాదే యో," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. "నీకూ తెలుసు, నాకూ తెలుసు."

నాకేం తెలుసు, నేను మలయ్ బడిలో చదువుకున్నాను, నాకు చీనా అక్షరాలు రావు అన్నాను. మరి బోర్డు ఎవరు రాశారని అన్నయ్య అడగలేదు. పాపం, ఏదో చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. ఈ బోంగ్ అంటే పోనీలే, ఏదోలా అని. యో అంటే పెంచడం. ఆ మాటకు అసలు అక్షరం మామూలు మనుషులకు తెలియక, అదే పలుకున్న ఇంకో అక్షరం రాసుకునేవాళ్లు ఆ రోజుల్లో. నడుము అనే అక్షరం. మూడో నాలుగో ఆడపిల్ల పుట్టి, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనప్పుడు పెట్టే పేరు. పోనీలే, పెంచుదాం.

ఇంటికో బోంగ్ యో ఉండేది మన అమ్మమ్మల కాలంలో, సిగ్గేముంది అన్నాడు. సిగ్గు లేకపోతే నువ్వే పెట్టుకో అన్నాను. షాపులో ఇద్దరు కొనేవాళ్లున్నారు. వాళ్లు దారపు కండెలు చూస్తున్నట్టు నటించారు.

మార్చి 2, గురువారం

నలభై ఏళ్లుగా ఊరందరి నడుములూ కొలిచాను. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్పై నాలుగు. చివరికి నా పేరే నడుమట.

నాకు నవ్వు రాలేదు.

మార్చి 5, ఆదివారం

ఇపో నుంచి మా అమ్మాయి జింగ్ యావ్ ఫోన్. ఏడో నెల. ఆడపిల్లేనట. పేరులో పచ్చరాయి అక్షరం ఉంచాలనుకుంటున్నారట, అమ్మమ్మది, అమ్మది, ఇప్పుడు పాపది, మూడు తరాలు. దాని పేరులోని యావ్ నా యో అక్షరమే, బడి చీనాలో అలా పలుకుతారు. తాతగారి కల సంగతి అల్లుడికి సరిగా చెప్పు అని ఫోన్ అతనికిచ్చింది.

చెప్పాను. రంబుటాన్ చెట్టు కింద నాన్న నిద్రపోతుంటే ఒక ముసలావిడ వచ్చి చేతిలో పచ్చరాయి పెట్టి వెళ్లింది అని.

జింగ్ యావ్ ఫోన్ లాక్కుంది. "అమ్మా, అది పడవ మీద కదా?"

పడవ దిగి చెట్టు కింద పడుకున్నాడులే అన్నాను. అది నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక పినఫోర్‌కు జేబు తిరగేసి కుట్టేశాను. కుట్టు విప్పుకుంటూ కూర్చున్నాను.

మార్చి 9, గురువారం

అన్నయ్యకు చెప్పకుండా చుంగ్ దగ్గరికి వెళ్లాను. కొండ కింద, దారికి ఆనుకునే ఉంటుంది ఆయన పాక. రాతి పొడిలో నిలువెల్లా తెల్లగా ఉంటాడు, హక్కా మాట మాట్లాడే చీనా మనిషి, మా హోక్కియెన్ మాట కొంచెం నత్తిగా మాట్లాడతాడు. మా రాయి అప్పటికే నునుపు చేసి పెట్టాడు. నాన్న పేరు, అమ్మ పేరు, అన్నయ్య పేరు చెక్కడం అయిపోయింది. అక్కయ్యల పేర్లు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి. వాళ్లిద్దరి పేర్లలోని గియోక్ అన్నా పచ్చరాయే, అక్షరం వేరు. ఇద్దరికీ రెండు రాళ్లు. వాళ్ల పక్కన ఒక ఖాళీ చోటు.

బోర్డు రాసినాయన రాసిచ్చిన పాత కాగితం తీసి ఇచ్చాను. ఇవీ నా అక్షరాలు, మా అన్నయ్య పొరపాటున ఇంకోటి ఇస్తే వినకండి అన్నాను. పేరు చక్కగా ఉందమ్మా అన్నాడు. మా నాన్న పెట్టాడు అన్నాను.

పొరపాటు అనే మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి.

మార్చి 12, ఆదివారం

తెలిసిపోయింది. అన్నయ్యకు చుంగే ఫోన్ చేశాడట, రెండు కాగితాలు రెండు రకాలుగా ఉన్నాయి, ఏది చెక్కను అని.

వెళ్లేసరికి వదిన కొడుక్కి అన్నం పెట్టే వంకతో లోపలికి వెళ్లిపోయింది. అమ్మ వెనక గదిలో నిద్రపోతోంది. అన్నయ్య అన్న మాటలన్నీ రాయను. సమాధి రాయి మీద పేరు బోర్డు మీద పేరు లాంటిది కాదన్నాడు. పైనున్న వాళ్లు పిల్లల్ని ఆ పేరుతోనే గుర్తు పడతారు, నాన్న తను రాసిన పేరు వెతుక్కుని కనబడక తికమక పడతాడన్నాడు. బతికున్నప్పుడు నన్ను వెతకని మనిషి చచ్చాక వెతుకుతాడా అన్నాను. అనకూడని మాట. నాన్న అలాంటివాడు కూడా కాదు.

అయితే నా పేరు తీసేయ్, అక్కయ్యలిద్దరివే చెక్కించు, అడిగినవాళ్లకు మూడోదాన్ని పందుల వాళ్లకు ఇచ్చేశామని చెప్పు అని వచ్చేశాను.

పందుల వాళ్ల మాట ఎందుకన్నానో నాకే తెలియదు. చిన్నప్పుడు అక్కయ్యలు కోపమొస్తే అనేవాళ్లు, నిన్ను పెర్మతాంగ్ ఊళ్లో పందులు పెంచేవాళ్లకు ఇచ్చేయాల్సింది అని. వేళాకోళం.

మార్చి 14, మంగళవారం

పదహారు పినఫోర్లు, తొమ్మిది నిక్కర్లు. ఎవరి ఫోనూ రాలేదు.

మార్చి 18, శనివారం

ఇది నేను తప్ప చదివే వాళ్లు లేరు. రాసేస్తాను.

నాకు తెలుసు. పదిహేడో ఏట కుట్టు బడిలో చేరడానికి పుట్టిన కాగితం కావాల్సి వచ్చింది. వెనక పెన్సిల్ అక్షరాలు చూశాను. అప్పట్లో సాయంత్రాలు చీనా అక్షరాలు నేర్చుకోవడానికి ఊయ్ టీచర్ దగ్గరికి వెళ్లేదాన్ని. గర్వంగా తీసుకెళ్లి చూపించాను, టీచర్, నా పేరుకు అర్థం చెప్పండి అని. అక్కయ్యలకు పచ్చరాళ్లున్నాయి కాబట్టి నాకు ముత్యమో పువ్వో ఉంటుందనుకున్నాను. టీచర్ చదివింది. మొహం ఎర్రబడింది. ఆవిడ మంచిది, గబగబా నల్లబల్ల మీద ఇంకో రెండు అక్షరాలు రాసింది. ఇవీ ఇంచుమించు ఇలాగే పలుకుతాయి, బోంగ్ అనేటప్పుడు గొంతును ఎత్తు నుంచి దించకుండా అడుగున సాగదీస్తే చాలు, ఇవి నీకు బాగుంటాయి అంది. నేను సాగదీశాను. నలభై అయిదేళ్లుగా సాగదీస్తూనే ఉన్నాను.

నాన్నకు ఏ కలా రాలేదు. పడవా లేదు, చెట్టూ లేదు. పెళ్లిచూపుల్లో మా అత్తగారు పేరు అర్థం అడిగితే అప్పటికప్పుడు అల్లాను. నాన్న అక్కడే కూర్చుని ఉన్నాడు.  నాన్న టీ కప్పు వైపు చూస్తూ, "అవును, కలొచ్చింది," అన్నాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ నాతో ఆ సంగతి ఎత్తలేదు.

అలాంటి మనిషిని నన్ను వెతకలేదు అన్నాను.

మార్చి 20, సోమవారం

అన్నయ్య మెసేజ్. "సరే, నీ ఇష్టం. చుంగ్‌కి చెప్పా. కల, పచ్చరాయి. ఇంక మనసులో పెట్టుకోకు."

నెగ్గాను.

మార్చి 23, గురువారం

రాయి అయిపోయింది. అన్నయ్య ఫొటో పంపాడు. గియోక్ లాన్, గియోక్ సిమ్, వాళ్ల పక్కన నా రెండు అక్షరాలు, లోతుగా, ఎర్ర రంగు కూడా పూశారు. చాలా బాగుంది. జింగ్ యావ్‌కు పంపాను. చాలా బాగుందమ్మా అంది. షాపుకొచ్చిన ఇద్దరికి చూపించాను. చాలా బాగుంది.

మార్చి 26, ఆదివారం

అమ్మను చూడ్డానికి వెళ్లాను. చక్రాల కుర్చీలో వెనక గుమ్మం దగ్గర కూర్చుని గుమ్మడి గింజలు ఒలుస్తోంది. పళ్లు లేవు, తినదు, ఒలుస్తుందంతే. అన్నయ్యా వదినా బజారుకు వెళ్లారు.

ఏదీ నా రాయి చూపించు, మీ అన్న చూపించాడు గానీ నాకేం చదువొచ్చా అంది. అమ్మకు ఒక్క అక్షరం రాదు. ఫోన్ తెరిచి, బొమ్మ పెద్దది చేసి, ఒక్కొక్క పేరూ వేలితో చూపిస్తూ చదివాను. తన పేరు దగ్గర వేలు పెట్టి ఎరుపు బాగా పడిందా అని అడిగింది. పడింది అన్నాను.

అన్నయ్య పేరు చదివాను. అది గుళ్లో పూనకం వచ్చే ఆయన పెట్టాడు అంది. గియోక్ లాన్. మీ నాన్నమ్మ పెట్టింది. గియోక్ సిమ్. అదీ మీ నాన్నమ్మే, నన్నెవరడిగారు, కన్న నొప్పులు నావి, పేర్లు వాళ్లవి అంది.

బోంగ్ యో అని చదివాను. ఫొటోలో ఉన్నదాన్నే చదివాను, సాగదీసి.

అమ్మ గింజలు ఒలవడం ఆపింది.

"అదొక్కటీ నేను పెట్టింది," అంది.

 అమ్మ తనంతట తనే చెప్పుకుపోయింది, ఏదో నిన్న జరిగినట్టు. నేను పుట్టిన తొమ్మిదో రోజు. నాన్నమ్మ ముందే మాట ఇచ్చేసిందట. పెర్మతాంగ్ పందుల వాళ్లావిడ నన్ను చుట్టుకుపోవడానికి ఎర్ర గుడ్డ కూడా తెచ్చుకుని ముందుగదిలో కూర్చుందట. పెంచి తన కొడుక్కే చేసుకుంటానందట. నాన్న గుమ్మంలో నిలబడి చెప్పులు చూసుకుంటున్నాడట. నాన్నమ్మ లోపలికొచ్చి పిల్లనియ్యమంది. అమ్మ బాలింతలకు పెట్టే అల్లం కోడి తింటోంది. గిన్నె దించకుండానే, తల ఎత్తకుండానే అంది. బోంగ్ యో. పోనీలే, పెంచుదాం.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల మంట.

"నా పిల్ల, నేనివ్వను అని అనలేకపోయావా? నాక్కావాలి అని ఒక్క మాట. పోనీలే ఏంటమ్మా, పిల్లి పిల్లని అన్నట్టు?"

"నాక్కావాలి అనుంటే ఆ సాయంత్రానికి నువ్వు పందుల దొడ్లో ఉండేదానివే," అంది అమ్మ. కోపం లేదు గొంతులో. "ఆ ఇంట్లో నేను కావాలన్నది ఏదుంచారు? ఏడ్చేదాని చేతిలోంచి లాక్కోడం తేలికే. మీ నాన్నమ్మ చూస్తోంది, నేను ఏడుస్తానా అని. నేను ముక్క కొరుక్కుంటా, అక్కర్లేనట్టు అన్నా. సరే ఏడు అని పోయింది. పట్టించుకునేంత విలువ లేదనుకుంది."

ఆ తర్వాత రెండు రోజులకు నాన్న పోలీసు స్టేషన్‌కు పేరు రాయించడానికి వెళ్లాడట. సార్జెంటు పేరేమిటి అంటే ఆయనకు ఇంకేమీ తోచలేదు. రెండు రోజులుగా ఇంట్లో నలుగుతున్న మాట అదొక్కటే.

మిగిలిన బాలింత రోజులకు అమ్మకు ఇంక కోడి పెట్టలేదట. ఉప్పు చేప, గంజి. అదేం పెద్ద సంగతిలే అంది.

"మళ్లీ చదువు నీది," అంది.

చదివాను. ఈసారి సాగదీయలేదు. ఎత్తు నుంచి కిందికి దించాను, అమ్మ పలికినట్టు. అమ్మ తల ఊపి, బాగా చెక్కాడా అని అడిగింది. బాగా చెక్కాడు అన్నాను. ఫోన్‌లో ఉన్నది అది కాదు. అమ్మకు తెలియదు. అమ్మ ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది.

మార్చి 27, సోమవారం

షాపు తెరవలేదు.

మార్చి 28, మంగళవారం

అన్నయ్యకు చెప్పాను. అమ్మ అన్న మాటలన్నీ చెప్పాను. ఆయనకూ తెలియదట. కళ్లు తుడుచుకున్నాడు. రాయి మార్పించాలి అనేసరికి మాత్రం మామూలు అన్నయ్య అయిపోయాడు.

"నీకేమన్నా పిచ్చా యో? నెల రోజులు నన్ను తిట్టిపోసి చెక్కించుకున్నావ్. ఆ చుంగ్ ముందు నా మొహం చెల్లదు. కావాలంటే నువ్వే పోయి చెప్పుకో."

పోతాను అన్నాను.

మార్చి 30, గురువారం

జింగ్ యావ్‌కు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. తాతకు కల రాలేదన్నాను. పచ్చరాయి నాది కాదన్నాను. మరి నా పేరులో ఉన్నదేంటి అని అడిగింది.  నీ పేరు నేను పెట్టాను, దాన్లో అబద్ధం లేదు, అబద్ధం నా పేరులోనే అన్నాను. నువ్వు చెప్పిన కథ వినే కదా అమ్మా నేను పాపకి ఆ పేరనుకుంది అంది. అవును అన్నాను. కొన్నాళ్లు ఆగి ఫోన్ చేస్తానంది.

పాపకు ఏ పేరు పెడతారో తెలియదు. అడిగే మొహం లేదు.

ఏప్రిల్ 3, సోమవారం

రాయి శనివారమే కొండ మీద నిలబెట్టేశారు. చుంగ్‌ను బతిమాలి పైకి తీసుకెళ్లాను. ఎండకు దారంతా ఆయన నన్ను తిట్టుకుంటూనే ఎక్కాడు. ఎవరైనా మంచి పేరు తీసేసి ఇలాంటిది పెట్టమంటారా, నా దగ్గరికి వచ్చేవాళ్లంతా దీనికి తలకిందులుగా అడుగుతారు, ముసలమ్మల బోంగ్ యోలను పువ్వులుగా మార్చమని వస్తారు అన్నాడు.

చెక్కినదాన్ని చెరపడం కుదరదట. ఆ రెండక్షరాల మేర చతురస్రంగా లోపలికి తొలిచి, అదే రకం రాతి బిళ్లను కూర్చి, దాని మీద కొత్తగా చెక్కాలి. ఎంత బాగా కూర్చినా గీత కనబడుతుంది. చెంగ్ బెంగ్‌కు వచ్చిన ప్రతివాళ్లూ ఇదేంటి అని అడుగుతారు, మీ అన్నగారు ఊరుకుంటారా అన్నాడు. అడగనివ్వండి అన్నాను. బట్టకు అతుకు వేసినప్పుడు కూడా కనబడుతుంది, చిరుగు కన్నా నయమే కదా.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తొలిచాడు. కల పోయింది, పచ్చరాయి పోయింది. చూస్తుంటే బాధేసింది, ఎందుకు వేయదు, నలభై అయిదేళ్లు వాటితో బతికాను. ఊయ్ టీచర్ గుర్తొచ్చింది. ఆవిడ తప్పేం లేదు.

బిళ్ల కూర్చాక పెన్సిల్ నా చేతికిచ్చాడు. మళ్లీ మార్చమంటే నా వల్ల కాదు, నువ్వే గీయమ్మా, నేను దాని మీదే ఉలి పెడతాను అన్నాడు. ఆ రెండక్షరాలు నేను ఎన్నడూ రాయలేదు. చదివాను, దాచాను, రాయలేదు. నాన్న కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్క గీతే చూసి గీశాను. మొదటి అక్షరం వంకర పోయింది. నడుము బాగా వచ్చింది.

చుంగ్ కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఎవరు పెట్టారమ్మా నీకీ పేరు?" అన్నాడు.

"మా అమ్మ," అన్నాను.

చుంగ్ ఉలి ఆనించి మొదటి దెబ్బ కొట్టాడు.